పచ్చ లైటు అబద్ధం చెప్పిన రాత్రి

రాత్రి 1:40కి ఫోన్ మోగింది. ఆన్‌కాల్ వారంలో ఫోన్ తలగడ పక్కనే ఉంటుంది, సైలెంట్‌లో పెట్టే ప్రసక్తే లేదు. అవతల ఆస్పత్రి మూడో అంతస్తు వార్డు నుంచి సిస్టర్.

"సార్, ల్యాబ్ రిపోర్టులు ఓపెన్ కావట్లేదు. పావుగంటైంది. ఐసీయూలోనూ ఇంతేనట. పేషెంట్‌కి పొటాషియం ఎంతుందో చెప్పమని డాక్టర్ గారు అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తా. ల్యాబ్‌లో టెస్ట్ అయిపోగానే రిజల్ట్ వార్డులోని కంప్యూటర్‌లో కనిపించేలా చేసే సిస్టమ్ మాది. సర్వర్లు ఆస్పత్రి బేస్‌మెంట్‌లోనే ఉంటాయి. వాటిని చూసుకునే పని మా టీమ్‌ది. ఆ వారం నాది.

లాప్‌టాప్ తెరిచి కనెక్ట్ అవ్వబోయా. అవ్వలేదు. పింగ్ కొట్టా. ఉలుకూ పలుకూ లేదు. బేస్‌మెంట్‌లో నైట్ డ్యూటీ చేస్తున్న టెక్నీషియన్ తమ్ముడికి ఫోన్ చేశా.

"తమ్ముడూ, రిపోర్టుల సర్వర్ ఆన్‌లోనే ఉందా?"

"ఉందన్నా. ఫ్యాన్లు తిరుగుతున్నాయి."

"వెనక నెట్‌వర్క్ కేబుళ్లు చూడు. లైట్లు వెలుగుతున్నాయా?"

"రెండూ పచ్చగానే ఉన్నాయన్నా. ఒకటి టకటకా కొట్టుకుంటోంది కూడా."

రెండు కేబుళ్లు, రెండూ పచ్చ. ఆ ఒక్క మాట నన్ను ముప్పావుగంట దారి తప్పించింది. ఒక కేబుల్ పోయినా రెండోది పనిచేసేలా పెట్టాం కాబట్టి నెట్‌వర్క్ తప్పు అయ్యే ఛాన్సే లేదని తీర్మానించేసుకున్నా. సర్వర్‌కి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా ఒక రిమోట్ కన్సోల్ ఉంటుంది. అందులోంచి లోపలికెళ్లి డేటాబేస్ చూశా, బాగానే ఉంది. ఫైర్‌వాల్ చూశా, బాగానే ఉంది. అప్లికేషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టా. ఆఖరికి సర్వర్‌నే రీస్టార్ట్ చేశా. మళ్లీ లేచింది, మళ్లీ మూగనోమే. ఈలోపు సిస్టర్ రెండుసార్లు ఫోన్ చేశారు. వార్డుబాయ్‌ని ల్యాబ్‌కి పరిగెత్తించి చీటీల మీద రిజల్ట్స్ రాయించుకుని తెప్పిస్తున్నామన్నారు. ల్యాబ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటుంది, వార్డు మూడో అంతస్తు.

2:27కి ఇంకేం తోచక అన్నా: "తమ్ముడూ, టకటకా కొట్టుకుంటోందన్నావే, ఆ కేబుల్ పీకెయ్."

"అదా? అదొక్కటే కదన్నా పనిచేస్తోంది!"

"పీకెయ్ ఫర్వాలేదు."

పీకాడు. అటు క్లిక్‌మన్న శబ్దం ఫోన్‌లో వినిపించింది, ఇటు నా స్క్రీన్ మీద పింగ్ కదలడం మొదలైంది. రిపోర్టులు వచ్చేశాయి.

రెండో కేబుల్ ఆ 47 నిమిషాలూ అన్ని విధాలా సిద్ధంగా ఉంది. మొదటిది చచ్చిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సర్వర్ పెట్టినప్పుడు ఆస్పత్రికి ఇచ్చిన ఫారంలో "నెట్‌వర్క్ బ్యాకప్ ఉందా?" అన్న ప్రశ్న పక్కన "ఉంది" అని టిక్ పెట్టింది నేనే.

రెండు తీగలు, ఒకటే పేరు

కాస్త సీరియస్ పని చేసే ఏ సర్వర్‌కైనా వెనక కనీసం రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటాయి. రెండింటికీ కేబుళ్లు పెట్టి, లినక్స్‌లో ఆ రెండింటినీ కట్టకట్టి ఒకే పేరు ఇస్తాం. దీన్ని బాండింగ్ అంటారు. స్విచ్‌ల భాషలో లింక్ అగ్రిగేషన్. పైన నడిచే డేటాబేస్‌కి గానీ, అప్లికేషన్‌కి గానీ కింద రెండు తీగలున్నాయన్న సంగతే తెలీదు. ఒకే కార్డ్, ఒకే ఐపీ అడ్రస్ కనిపిస్తాయి.

ఇది పుట్టింది బ్యాకప్ కోసం కాదు. 1994లో అమెరికాలో నాసా గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ కలిసి డీఎక్స్4 ప్రాసెసర్లున్న 16 మామూలు కంప్యూటర్లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్‌లా నడిపారు. దాని పేరు బియోవుల్ఫ్. ప్రాసెసర్ల వేగానికి అప్పటి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ ఆనలేదు. దాంతో బెకర్ డ్రైవర్లు తిరగరాసి, డేటాను ఒకటికంటే ఎక్కువ తీగల మీద పంచి పంపేలా చేశారు. ఈరోజు మన లినక్స్‌లో ఉన్న బాండింగ్ డ్రైవర్‌కి మూలం ఆ బెకర్ కోడే. అంటే మొదట అది స్పీడ్ కోసం. తర్వాత 2000లో ఐఈఈఈ సంస్థ 802.3ఏడీ పేరుతో స్టాండర్డ్ తెచ్చింది. 2008లో అదే 802.1ఏఎక్స్ అయింది.

స్పీడ్ అన్నా కదా, కాలేజీలో నాకూ ఒక భ్రమ ఉండేది. 10 గిగాబిట్ల కేబుళ్లు రెండు కలిపితే 20 వస్తుందని. ఓఆర్ఆర్ టోల్‌గేట్ దగ్గర రెండు లేన్లు తెరిచారనుకోండి. వంద కార్లకి లాభమే. కానీ ఒక కారు రెండు లేన్లలో వెళ్లలేదు కదా. బాండింగ్‌లో కూడా దాదాపు అన్ని పద్ధతుల్లో ఒక కనెక్షన్ ఒక కేబుల్‌లోనే వెళ్తుంది. ముక్కలు ముందువెనకలై అటువైపు గందరగోళం కాకుండా ఈ ఏర్పాటు. కాబట్టి ఒక పెద్ద ఫైల్ కాపీ పెడితే 10 దగ్గరే ఆగుతుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రెండు కేబుళ్లనూ 60 శాతం చొప్పున వాడేస్తున్నామనుకోండి. ఒకటి తెగితే మిగిలినదాని నెత్తిన 120 శాతం పడుతుంది. అప్పుడు రెండో కేబుల్ బ్యాకప్ ఎలా అవుతుంది? రెండూ కలిపి ఒక కేబుల్ మోయగలిగినంతే వాడాలి. డబ్బులు పెట్టి కొన్న రెండోదాన్ని ఖాళీగా ఉంచాలంటే మేనేజర్లకి మనసొప్పదు. అదో పంచాయితీ.

లినక్స్‌లో బాండింగ్‌కి 0 నుంచి 6 వరకు ఏడు మోడ్‌లున్నాయి. మేం వాడింది 1. దీని పేరు యాక్టివ్-బ్యాకప్. ఒక కేబుల్ పనిచేస్తుంది, రెండోది కూర్చుని చూస్తుంది. మొదటిది పోతే రెండోది లేస్తుంది. దీనికి స్విచ్‌ల మీద ప్రత్యేకంగా ఏ సెట్టింగూ అక్కర్లేదు, కేబుళ్లను రెండు వేర్వేరు స్విచ్‌లకు పెట్టొచ్చు. చాలా సింపుల్. నిజంగానే మంచి పద్ధతి, ఇప్పటికీ మేం దీన్నే వాడుతున్నాం.

మరి ఆ రాత్రి ఏం జరిగింది?

వైఫై ఫుల్లు, నెట్ నిల్లు

మీ ఇంట్లో ఇది జరిగే ఉంటుంది. ఫోన్‌లో వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. రీల్ మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆ గీతలు చెప్పేది మీ ఫోన్‌కీ, హాల్లో ఉన్న రౌటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. వీధిలో ఫైబర్ తెగిపోయినా రౌటర్ హాల్లో నిక్షేపంగా ఉంటుంది కాబట్టి గీతలు నిండుగానే ఉంటాయి.

మా సర్వర్ పరిస్థితి అదే. రెండు కేబుళ్లూ రెండు స్విచ్‌లకు వెళ్తాయి. ఒక్కో స్విచ్ నుంచి ఒక్కో అప్‌లింక్ పైనున్న పెద్ద స్విచ్‌కి వెళ్తుంది. వార్డులన్నీ ఆ పెద్ద స్విచ్ వెనక ఉంటాయి. ఆ రాత్రి మొదటి స్విచ్ అప్‌లింక్‌లోని ఫైబర్ మాడ్యూల్ పోయింది, బొటనవేలంత ముక్క. స్విచ్ బతికే ఉంది, సర్వర్‌కి వెళ్లే పోర్టులు బతికే ఉన్నాయి. లైటు పచ్చగానే ఉంది. కానీ ఆ స్విచ్ నుంచి బయటికి దారి లేదు. రెండు స్విచ్‌ల మధ్య నేరుగా ఒక కేబుల్ ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. లూప్ వస్తుందేమోనని మాకంటే ముందెవరో వద్దన్నారట. సరే, అది వేరే కథ.

మా బాండ్ ఆ పచ్చలైటునే చూస్తోంది. డ్రైవర్‌లో దీన్ని ఎంఐఐ మానిటరింగ్ అంటారు. ప్రతి 100 మిల్లీసెకన్లకొకసారి "కార్డ్‌లో సిగ్నల్ ఉందా?" అని అడుగుతుంది. సెకనుకు పదిసార్లు! చాలా జాగ్రత్తగా ఉన్నట్టే కదా. కానీ అడిగే ప్రశ్నే తప్పు. సిగ్నల్ ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది, అది నిజం కూడా. 47 నిమిషాల్లో 28 వేలసార్లు అడిగింది. ప్రతిసారీ సరైన జవాబే వచ్చింది. నేను రీస్టార్ట్ చేసినా అది మళ్లీ మొదటి కేబుల్‌నే పట్టుకుంది. ఎందుకంటే ఆ లెక్క ప్రకారం అందులో లోపమేమీ లేదు. తమ్ముడు కేబుల్ పీకాక గానీ సిగ్నల్ పోలేదు, రెండోది లేవలేదు. టకటకా కొట్టుకుంటోందన్న ఆ లైటు కూడా, అదే స్విచ్ మీద ఇరుక్కుపోయిన సర్వర్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్న అలికిడే.

ఈ విషయంలో మీ ఆండ్రాయిడ్ ఫోన్ మా సర్వర్ కంటే తెలివైంది. వైఫైకి కనెక్ట్ కాగానే అది గీతలను నమ్మి ఊరుకోదు. గూగుల్ సర్వర్ ఒకదానికి చిన్న రిక్వెస్ట్ పంపి, 204 అనే ఖాళీ జవాబు వచ్చిందా లేదా అని చూస్తుంది. రాకపోతేనే మీకు "ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది.

బాండింగ్‌లో కూడా ఇలాంటిది ఉంది, ఏఆర్‌పీ మానిటరింగ్. కొన్ని అడ్రస్‌లు మనం ఇస్తే, "ఫలానా అడ్రస్ ఎవరిది?" అని సర్వర్ పదే పదే పిలుస్తుంది. జవాబు వస్తే దారి ఉన్నట్టు. రెండు మూడు పిలుపులకు దిక్కులేకపోతే దారి మూసుకుపోయినట్టు. ఎంతసేపటికొకసారి పిలవాలో, ఎన్నిసార్లు చూడాలో మనమే చెప్పొచ్చు. అడ్రస్‌లు 16 దాకా ఇవ్వొచ్చు. మర్నాడే మా తొమ్మిది సర్వర్లలో ఇదే పెట్టాం. పైనున్న గేట్‌వేని టార్గెట్‌గా ఇచ్చాం. సెకనుకొక పిలుపు.

హమ్మయ్య అనుకున్నా. మా టీమ్ లీడ్ మాత్రం ఒప్పుకోలేదు.

"పెట్టావ్ సరే. పీకి చూశావా?"

"డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే పెట్టానన్నా."

"మొన్నటిది కూడా డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే పెట్టావుగా."

ఇంకేం మాట్లాడతా?

పక్కింటి కేకలు

ఆస్పత్రి వాళ్లను ఒప్పించి, ఓపీ రద్దీ తగ్గే మధ్యాహ్నం వేళ టైమ్ తీసుకున్నాం. వార్డులన్నిటికీ ముందే చెప్పాం. ఈసారి సర్వర్ వెనక కేబుల్ జోలికి పోకుండా, ఆ రాత్రి పోయిన అప్‌లింక్‌నే పీకాం.

ఏమీ జరగలేదు. అంటే, మారాల్సింది మారలేదు. తొమ్మిది సర్వర్లూ మొదటి కేబుల్‌నే పట్టుకుని కూర్చున్నాయి. అప్‌లింక్ మళ్లీ పెట్టేసి తలలు పట్టుకున్నాం.

కారణం దొరకడానికి సాయంత్రం దాకా పట్టింది. దొరికాక నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తొమ్మిది సర్వర్లూ ఒకే స్విచ్ మీద ఉన్నాయి. తొమ్మిదీ సెకనుకొకసారి "గేట్‌వే ఎవరు?" అని కేకలు వేస్తున్నాయి. ఏఆర్‌పీ కేక ఊరందరికీ వినిపించే కేక. ఒక సర్వర్ వేసిన కేక మిగతా ఎనిమిదింటికీ చేరుతుంది. మామూలు సెట్టింగ్‌లో ఏఆర్‌పీ మానిటర్ తన ప్రశ్నకు జవాబు వచ్చిందా అని చూడదు. కేబుల్ మీద ఏదో ఒకటి వినిపిస్తోందా అనే చూస్తుంది. పక్కవాడి కేక వినపడగానే "ఆహా, దారి ఉంది" అనుకుంటుంది. తొమ్మిది మంది బావిలో పడి, ఒకరి అరుపు ఇంకొకరు విని, పైన ఎవరో ఉన్నారని ధైర్యం తెచ్చుకున్నట్టు.

లినక్స్ బాండింగ్ డాక్యుమెంట్‌లో ఈ పరిస్థితి దాదాపు ఇలాగే రాసి ఉంది. ఒకే స్విచ్ వెనక చాలా సర్వర్లుంటే మానిటర్ మోసపోతుందని, దానికి ఏఆర్‌పీ వాలిడేట్ అనే ఇంకో సెట్టింగ్ పెట్టాలని. నేను ఆ పేజీ చదివా. ఆ పేరా దాకా చదవలేదు. వాలిడేట్ పెట్టాక సర్వర్ ఏది పడితే అది నమ్మదు, టార్గెట్ నుంచి వచ్చిన జవాబునే లెక్కలోకి తీసుకుంటుంది. పెట్టి మళ్లీ అప్‌లింక్ పీకాం. మూడు, నాలుగు సెకన్లు పింగ్ ఆగింది. మళ్లీ నడిచింది. రెండో కేబుల్ లేవగానే సర్వర్ "నేనిప్పుడు ఇటువైపు ఉన్నా" అని తనే ఒక కేక వేస్తుంది. స్విచ్‌లు పాత దారి మర్చిపోయి కొత్తది నేర్చుకుంటాయి.

ఇక్కడ ఇంజినీరింగ్ చదివేవాళ్లకి ఒక మాట. దీన్ని చూడ్డానికి ఆస్పత్రి బేస్‌మెంట్ అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఒక లినక్స్ మెషీన్ పెట్టి, దానికి రెండు నెట్‌వర్క్ అడాప్టర్లు ఇచ్చి బాండ్ చేయండి. అడాప్టర్ సెట్టింగ్స్‌లో "కేబుల్ కనెక్టెడ్" అని ఒక టిక్ ఉంటుంది. పింగ్ నడుస్తుండగా అది తీసేసి చూడండి. నాలుగేళ్ల బీటెక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. కేబుల్ మాత్రం ఒక్కసారి కూడా పీకలేదు.

చావు కబురు ఎవరు చెప్పాలి?

ఇదంతా చదివి, మోడ్ 4 వాడొచ్చు కదా అని నెట్‌వర్క్ తెలిసినవాళ్లు అడుగుతారు. అందులో సర్వర్, స్విచ్ ఎల్ఏసీపీ అనే ప్రోటోకాల్‌లో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. లైటు కంటే ఇది చాలా నయం. స్విచ్ హ్యాంగై, లైటు మాత్రం వెలుగుతూ ఉంటే ఎల్ఏసీపీ పట్టేస్తుంది. కాకపోతే ఎంతసేపటికి? స్లో సెట్టింగ్‌లో 30 సెకన్లకొక మెసేజ్, మూడు మిస్సయితే గానీ చావు కబురు ఒప్పుకోదు. అంటే 90 సెకన్లు. ఫాస్ట్ పెడితే సెకనుకొక మెసేజ్, 3 సెకన్లలో తేలిపోతుంది. లినక్స్‌లో మనం మార్చకపోతే ఉండేది స్లో. పైగా ఎల్ఏసీపీ మాట్లాడేది పక్కనున్న స్విచ్‌తోనే. దాని వెనక అప్‌లింక్ పోతే దానికీ తెలీదు. మా రాత్రి కథ మోడ్ 4లో కూడా జరిగి ఉండేదే.

అయితే త్వరగా చచ్చినట్టు ప్రకటించేస్తే పోలా? 90 ఎందుకు, అర సెకనులో తేల్చేస్తే? ఇక్కడే నాకు గిట్‌హబ్ సంఘటన గుర్తొస్తుంది. ప్రపంచంలో సగం ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే ఆ గిట్‌హబ్‌లోనే, 2012 డిసెంబర్ 22 శనివారం జరిగింది. ఏం జరిగిందో వాళ్లే తర్వాత వివరంగా రాసి పెట్టారు.

వాళ్ల దగ్గర రెండు స్విచ్‌లు జంటగా, బయటికి ఒకటే స్విచ్‌లా కనిపించేలా పనిచేసేవి. దీన్ని ఎంలాగ్ అంటారు. సర్వర్ కేబుళ్లు రెండూ రెండు స్విచ్‌లకు పెట్టినా, ఎల్ఏసీపీకి అవతల ఒకే స్విచ్ ఉన్నట్టు ఉంటుంది. స్విచ్‌ల సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ తర్వాత సమస్యలొస్తుంటే, కారణం వెతకడానికి ఒక స్విచ్‌లోని ముఖ్యమైన ప్రోగ్రామ్‌ని ఆపారు. జంటలో రెండో స్విచ్‌కి రెండు రూల్స్ ఉన్నాయి. మొదటి స్విచ్‌తో ఉన్న కేబుల్ ఆరిపోతే, 2 సెకన్లు ఆగి, అది చచ్చిపోయిందని తేల్చుకుని పని మొత్తం నెమ్మదిగా తన చేతిలోకి తీసుకోవాలి. కేబుల్ వెలుగుతూనే ఉండి 5 సెకన్లు మాట పలుకూ లేకపోతే, అవతలివాడు బతికే ఉన్నాడు కానీ మతి చలించిందని భావించి, జంట తెంచుకుని ఒంటరి స్విచ్‌లా మారిపోవాలి. ఆగిపోయిన ప్రోగ్రామ్ కేబుల్‌ని ఆర్పలేదు. లైటు వెలుగుతూనే ఉంది, మాట లేదు. రెండో రూల్ పనిచేసింది. కట్టకట్టిన లింకులన్నీ విడిపోయి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. దాదాపు నిమిషంన్నర నెట్‌వర్క్ గడ్డకట్టింది.

నిమిషంన్నర. అంతే కదా అనిపిస్తుంది. అసలు నష్టం దాని వెనక వచ్చింది. గిట్‌హబ్ ఫైల్ సర్వర్లు జంటలుగా ఉండేవి, భద్రత కోసం వేర్వేరు ర్యాకుల్లో. ఒకటి పనిచేస్తుంది, రెండోది కాపలా కాస్తుంది. నెట్‌వర్క్ గడ్డకట్టగానే ఒకదాని గుండెచప్పుడు ఇంకోదానికి వినపడలేదు. భాగస్వామి పోయిందనుకున్నాయి. రెండూ ఒకే డిస్క్ డేటా మీద ఒకేసారి రాస్తే డేటా నాశనమవుతుంది కాబట్టి, పగ్గాలు తీసుకునేముందు అవతలిదాన్ని బలవంతంగా ఆపేయాలన్నది నియమం. దీనికి స్టోనిత్ అని పేరు. "అవతలి మెషీన్ తలలో కాల్చెయ్" అనే అర్థం వచ్చే ఇంగ్లీష్ వాక్యంలోని మొదటి అక్షరాలవి. ఇంజినీర్ల హాస్యం అలాగే ఉంటుంది. నెట్‌వర్క్ చచ్చుబడి ఉండగా కొన్ని ఆదేశాలు చేరలేదు. నెట్‌వర్క్ తిరిగి రాగానే, చాలా జంటల్లో రెండూ నేనే రాజునంటే నేనే రాజునని, ఒకదాన్నొకటి కాల్చేసుకున్నాయి. రెండూ ఆగిపోయాయి.

ఇక్కడ ఏ ఒక్క భాగమూ రూల్ తప్పలేదు. ఎవరూ చావలేదు కూడా. చచ్చారని అనుకున్నారు.

అందుకే మా ఏఆర్‌పీ పిలుపులు సెకనుకొకటే ఉంచాం, ఇంకా తగ్గించలేదు. మా టీమ్‌లో ఒకరు 100 మిల్లీసెకన్లు చేద్దామన్నారు. గేట్‌వే ఒక క్షణం బిజీగా ఉండి జవాబు ఆలస్యమైతే, తొమ్మిది సర్వర్లూ ఒకేసారి అటు గెంతి, మళ్లీ ఇటు గెంతడం మొదలుపెడతాయి. మూడు, నాలుగు సెకన్లు రిపోర్ట్ ఆలస్యమైతే సిస్టర్ గమనించను కూడా గమనించరు. అదే గెంతులాట మొదలైతే రోజంతా ఎవరికీ ఏదీ ఓపెన్ కాదు. టార్గెట్ కూడా ఒకటే కాకుండా రెండు పెట్టాం. గేట్‌వే ఒక్కటి రీస్టార్ట్ అయితే నెట్‌వర్క్ అంతా పోయిందని సర్వర్లు భయపడకూడదు కదా.

రెండు బోర్లు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్

ఇదంతా ఒక ఆదివారం మా బాబాయ్‌కి చెబుతుంటే ఆయన తాపీగా విన్నారు. ఊళ్లో మాకు రెండు బోర్లున్నాయి. ఒకటి ఎండితే ఇంకోటని వేయించారు.

"మోటార్ కాలితే రెండోది ఆన్ చేస్తాంరా, అది బాగానే ఉంది. మొన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. రెండూ దాని కిందే. పది రోజులు చేను ఎండింది."

సోమవారం ఆఫీసుకి వెళ్తూ దారిలో ఆస్పత్రి బేస్‌మెంట్‌లో ఆగా. రెండు స్విచ్‌ల పవర్ కేబుళ్లు ఎటు వెళ్తున్నాయో చేత్తో పట్టుకుని చూశా. ర్యాక్ వెనక దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని. రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌లో ఉన్నాయి, పక్కపక్క సాకెట్లలో. ఆ స్ట్రిప్ బ్రేకర్ పడిపోతే రెండు స్విచ్‌లూ, రెండు కేబుళ్లూ, నా వాలిడేట్ సెట్టింగూ అన్నీ ఒకేసారి పోతాయి. ర్యాక్‌లో రెండో యూపీఎస్ నుంచి వచ్చే స్ట్రిప్ ఖాళీగా ఉంది. మొదట బిగించినవాళ్లకి దగ్గర్లో కనపడిందాంట్లో పెట్టేశారు.

అదే రోజు ఇంకోటి దొరికింది. ఫార్మసీ సర్వర్‌కి రెండు కేబుళ్లూ ఒకే నెట్‌వర్క్ కార్డ్‌లోని రెండు పోర్టులకు ఉన్నాయి. కార్డ్ పోతే రెండూ పోతాయి. బోర్డు మీద వేరే పోర్ట్ ఖాళీగానే ఉంది, ఒకటి అటు మార్చాం. అన్నిటికంటే సిగ్గుగా అనిపించింది బిల్లింగ్ సర్వర్ దగ్గర. లినక్స్‌లో ప్రతి బాండ్‌కీ ఒక స్టేటస్ ఫైల్ ఉంటుంది. ఏ కేబుల్ పనిచేస్తోంది, ఏది ఎన్నిసార్లు పడిపోయింది అన్నీ అందులో కనిపిస్తాయి. బిల్లింగ్ సర్వర్ రెండో కేబుల్ "డౌన్" అని ఉంది. లాగ్స్ వెనక్కి తిప్పితే అది పోయి ఐదు నెలలు. మొదటి కేబుల్ పనిచేస్తున్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు, ఫోన్ రాదు, కంప్లైంట్ రాదు. ఐదు నెలలుగా ఆ సర్వర్ ఒంటికాలి మీద నడుస్తోంది. మేం నెలనెలా రిపోర్ట్‌లో "బ్యాకప్: ఉంది" అని రాస్తున్నాం. ఇప్పుడు ఏ సర్వర్‌లో ఏ కాలు పడిపోయినా, రెండో కాలు బాగున్నా సరే, మా ఫోన్లకు మెసేజ్ వస్తుంది. పది నిమిషాల స్క్రిప్ట్ అది.

ఇలా ఒకే చోట ఇరుక్కోవడం చిన్న ర్యాకుల్లోనే ఉంటుందనుకోకండి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ యూరప్-ఏషియా అనే రెండు ఇంటర్నెట్ కేబుళ్లు ఒకే రోజు దెబ్బతిన్నాయి. రెండూ వేర్వేరు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకోవాలి. కానీ రెండూ ఆ ఇరుకు దారిలోనే దగ్గరదగ్గరగా వెళ్తాయి. ఈజిప్టు, గల్ఫ్ దేశాల నుంచి మన దేశం దాకా నెట్ కుంటుపడింది. మీ ఫోన్‌లో రెండు కంపెనీల సిమ్‌లు ఉంటే, రెండు కంపెనీల యాంటెన్నాలూ మీ వీధి చివర ఒకే టవర్ మీద ఉన్నాయేమో ఒకసారి తలెత్తి చూడండి. చాలాచోట్ల అంతే.

మా ఆస్పత్రికి బయటి నుంచి ఇంటర్నెట్ రెండు కంపెనీల ఫైబర్ ద్వారా వస్తుంది. గేటు ముందు రెండూ ఒకే మ్యాన్‌హోల్‌లోకి దిగుతాయని సెక్యూరిటీ గార్డ్ చెప్పాడు. మూత ఎత్తినప్పుడు చూశాడట. ఆస్పత్రి వాళ్లకి లెటర్ రాశాం. రెండోదాన్ని వెనక గేటు వైపు నుంచి తేవాలంటే రోడ్డు తవ్వే పర్మిషన్ కావాలన్నారు. ఇంకా అక్కడే ఉంది ఫైల్.

ఫారంలో ఆ పాత ప్రశ్న ఇప్పుడు లేదు. దాని బదులు "చివరిసారి ఏ తేదీన పీకి చూశారు? ఎన్ని సెకన్లు ఆగింది?" అని రెండు గళ్లున్నాయి. నెలకోసారి, గురువారం మధ్యాహ్నం 2:30కి. ఒక నెల కేబుల్, ఒక నెల అప్‌లింక్, ఒక నెల మొత్తం స్విచ్ పవరే. ఏది పీకేదీ ముందుగా నాకు చెప్పరు, లీడ్ ఆ రోజే టెక్నీషియన్ తమ్ముడి చెవిలో చెబుతారు. వార్డులకు మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పే డ్యూటీ నాది. పోయిన గురువారం అన్నీ అయ్యాక మూడో అంతస్తుకి ఫోన్ చేశా. ఆ రాత్రి మాట్లాడిన సిస్టరే ఎత్తారు.

"సిస్టర్, రిపోర్టులు ఎక్కడైనా ఆగాయా?"

"ఎప్పుడు చేస్తారు సార్? పొద్దున్నుంచి చూస్తున్నాం. మీరు త్వరగా కానిస్తే మేం టీకి వెళ్తాం."